కీళ్లవాతం, జన్యువులు, ఉక్కు నగరం



జంషెడ్‌పూర్ పేరు మీరు సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదివే ఉంటారు. ఇప్పటి జార్ఖండ్ రాష్ట్రంలో, సుబర్ణరేఖ, ఖర్కై నదులు కలిసే చోట, సాక్చి అనే చిన్న ఊరి దగ్గర టాటాల ఉక్కు కర్మాగారం వెలిసింది. సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో అక్కడ మొదటిసారి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కర్మాగారం పనులతో పాటే, 1908లో, టాటా మెయిన్ హాస్పిటల్ కూడా మొదలైంది.

ఆ కర్మాగారంలో పనికి ఎవరెవరు వచ్చారు? చుట్టుపక్కల అడవి పల్లెల నుంచి హో, సంతాల్, ముండా, భూమిజ్ ప్రజలు వచ్చారు. బీహార్, బెంగాల్, ఒడిశా, పంజాబ్ నుంచి వచ్చారు. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంబడి మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లూ వెళ్లి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు గుర్తులు. ఇలా ఎన్నో వంశాల చరిత్రలు ఒకే ఊరికి చేరాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. ఇలాంటి పారిశ్రామిక నగరంలో ఒకే షెడ్డులో, ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్లు పనిచేసిన ఇద్దరిని ఊహించుకోండి. పీల్చిన గాలి ఒకటే, తిన్న క్యాంటీన్ భోజనం ఒకటే. వారిలో ఒకరికి నలభై ఏళ్లు దాటగానే వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేవగానే పిడికిలి బిగియదు, స్పానర్ పట్టు దొరకదు. రెండోవారికి ఏమీ కాలేదు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చరిత్రే ఈనాటి మన పాఠం. ఆ జవాబును ఏ పనికి వాడుకోవాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దాన్ని చివర్లో చూద్దాం.

తండ్రి పేరు పెట్టాడు, కొడుకు దారి చూపాడు

ముందు జబ్బు ఏమిటో తెలుసుకుందాం. వయసు మీద పడ్డాక మోకాళ్లు అరిగి నొప్పి పుట్టడం అందరూ ఎరిగినదే. మనం చెప్పుకునేది అది కాదు. వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటారు. తెలుగులో కీళ్లవాతం అంటున్నాం. ఇందులో శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి, బయటి క్రిములతో పోరాడవలసింది పోయి, సొంత కీళ్ల లోపలి పొర మీదే దాడి చేస్తుంది. చేతివేళ్లు, మణికట్లు, పాదాలు సాధారణంగా రెండు వైపులా వాస్తాయి. పొద్దున పూట బిగుసుకుపోతాయి. నిర్లక్ష్యం చేస్తే వంకరపోతాయి. మగవారి కంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఢిల్లీకి చేరువలోని గ్రామాల్లో డాక్టర్ ఎ.ఎన్. మాలవ్య బృందం చేసిన సర్వే 1993లో వెలువడింది. పెద్దవారిలో 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు అందులో తేలింది. చూడటానికి చిన్న అంకె. కోటిమంది పెద్దవారికి లెక్క కడితే 75 వేలమంది అవుతారు.

1800లో పారిస్‌లో లాంద్రే-బొవే అనే యువ వైద్యుడు ఈ జబ్బును తన సిద్ధాంత గ్రంథంలో వర్ణించాడు. అయితే దాన్ని ఒక రకం గౌట్ అనుకున్నాడు. గౌట్ వేరు, ఇది వేరు అని చెప్పి, 1859లో ఇప్పటి పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గారోడ్.

ఆయన కుమారుడు ఆర్కిబాల్డ్ గారోడ్ కూడా వైద్యుడే. తండ్రి లాగే ఆయనా కీళ్ల జబ్బుల మీద 1890లో పుస్తకం రాశాడు. కానీ ఆయన పేరు నిలిచింది మరో పనికి. ఆల్కాప్టోనూరియా అనే అరుదైన లోపం మెండెల్ చెప్పిన పద్ధతిలో వంశపారంపర్యంగా వస్తుందని 1902లో ఆయన వివరించాడు. మెండెల్ సూత్రాన్ని మనిషి జబ్బుకు అన్వయించిన తొలి ఉదాహరణల్లో అది ఒకటి. మనుషుల ముఖాలు ఎలా వేర్వేరుగా ఉంటాయో, లోపలి రసాయన స్వభావాలూ అలాగే వేర్వేరుగా ఉంటాయని ఆయన అభిప్రాయం. 1931లో రాసిన పుస్తకంలో ఇంకో అడుగు వేసి, ఒకే కారణం ఎదురైనా కొందరికే జబ్బు రావడానికి ఈ పుట్టు తేడాలు కారణం కావచ్చని చెప్పాడు. అప్పటికి జన్యువు దేనితో తయారవుతుందో కూడా ఎవరికీ తెలియదు. దాన్ని ఈనాడు మనం జన్యు వైవిధ్యం అంటున్నాం.

కవల పిల్లలు చెప్పిన సాక్ష్యం

జబ్బులో వంశపారంపర్యం పాలు ఎంతో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కవలలను పరిశీలిస్తారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు ఒక్కటే. రెండు అండాల నుంచి పుట్టిన కవలలు మామూలు అన్నదమ్ముల్లాంటి వారు. బ్రిటన్‌లో జరిగిన పరిశీలన 1993లో వెలువడింది. ఒకరికి కీళ్లవాతం ఉంటే, ఏకాండ కవలల్లో రెండోవారికి కూడా వచ్చిన సందర్భాలు సుమారు 15 శాతం. ద్విఅండ కవలల్లో సుమారు 4 శాతం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 4 కంటే 15 చాలా ఎక్కువ. కనుక జన్యువుల ప్రమేయం ఉంది. కానీ జన్యువులే సర్వం అయితే 15 కాదు, 100 రావాలి. అన్ని జన్యువులూ ఒకటే అయినా 100 జంటల్లో 85 జంటలకు రెండోవారు తప్పించుకున్నారు. ఈ 85ను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఆరో క్రోమోజోము మీద ఒక ఆధారం

1950లలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ దొస్సే తెల్ల రక్తకణాల మీద ఉండే గుర్తులను కనిపెట్టాడు. వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. అవయవ మార్పిడిలో దాత, గ్రహీత సరిపోతారా లేదా అని చూసేది ఈ గుర్తులనే. 1980లో దొస్సేకు నోబెల్ బహుమతి లభించింది. ఈ గుర్తులను తయారుచేసే జన్యువులు మన ఆరో క్రోమోజోము మీద ఉంటాయి.

హెచ్‌ఎల్‌ఏ అణువు చేసే పని ఏమిటి? శరీరంలోకి వచ్చిన ప్రొటీన్ల ముక్కలను దోసిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని, "ఇది మనదా, పరాయిదా చూడు" అని రక్షణ కణాలకు చూపిస్తుంది. మనిషి మనిషికీ ఈ దోసిలి ఆకారం కొద్దిగా మారుతుంది. ఆకారం మారితే అందులో ఇమిడే ముక్కలూ మారతాయి.

అమెరికాలోని డల్లాస్‌లో పీటర్ స్టాస్ట్నీ 1970లలో కీళ్లవాతం రోగుల రక్తాన్ని పరీక్షించాడు. డిఆర్4 అనే రకం రోగుల్లో సుమారు 70 శాతం మందికి ఉంది. ఆరోగ్యవంతుల్లో 28 శాతం మందికే ఉంది. ఈ ఫలితం 1978లో వెలువడింది. ఇది పెద్ద మలుపు. కానీ చిక్కు మిగిలింది. డిఆర్4 లేని రోగులూ ఉన్నారు. వారిలో కొందరికి డిఆర్1, మరికొందరికి డిఆర్10 కనిపించాయి. వేర్వేరు రకాలు ఒకే జబ్బుకు ఎలా దారితీస్తాయి?

1987లో పీటర్ గ్రెగర్సన్, జాక్ సిల్వర్, రాబర్ట్ వించెస్టర్ దీనికి ఒక సమాధానం ప్రతిపాదించారు. పేర్లు వేరైనా ఈ రకాలన్నింటి దోసిలి అంచున, 70 నుంచి 74వ స్థానాల మధ్య, దాదాపు ఒకే అమైనో ఆమ్లాల వరస ఉందని గమనించారు. దీనికి షేర్డ్ ఎపిటోప్ అని పేరు వచ్చింది. తెలుగులో ఉమ్మడి గుర్తు అనుకోవచ్చు. వేర్వేరు కంపెనీల తాళం చెవుల కొసన ఒకే రకం పళ్లు ఉంటే అన్నీ ఒకే తాళాన్ని తీస్తాయి కదా, ఇదీ అలాంటిదే.

ఐరోపా జన్యువు మనకు సరిపోతుందా?

2004లో ఐరోపా సంతతి రోగుల్లో పిటిపిఎన్22 అనే జన్యువులో ఒక మార్పు దొరికింది. ఆ ప్రొటీన్‌లో 620వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే కీళ్లవాతం అవకాశం పెరుగుతుంది. హెచ్‌ఎల్‌ఏ తర్వాత ఐరోపావారిలో ముఖ్యమైన జన్యువు ఇదే. అయితే జపాన్‌లో వెతికితే ఆ మార్పు కనిపించలేదు. భారతీయుల్లో చాలా అరుదు. మరోవైపు 2003లో జపాన్ శాస్త్రవేత్తలు పిఎడిఐ4 అనే మరో జన్యువుతో ఈ జబ్బుకు సంబంధం ఉందని చూపారు. ఐరోపావారిలో ఆ జన్యువు ప్రభావం అంత స్పష్టంగా కనిపించలేదు.

మన దేశం సంగతి? ఢిల్లీలోని ఎయిమ్స్‌కు చెందిన ఎన్.కె. మెహ్రా, మాలవ్య తదితరులు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పరిశోధన 1996లో వెలువడింది. ఐరోపాలో డిఆర్4లోని ఒక ఉపరకం ముఖ్యమైతే, మన రోగుల్లో డిఆర్4లోని వేరే ఉపరకం, డిఆర్10 ముఖ్యమని తేలింది. 2013లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన బి.కె. తెల్మ బృందం ఉత్తర భారతీయుల మొత్తం జన్యుపటాన్ని గాలించి, ఎఆర్‌ఎల్15 అనే కొత్త జన్యువును జబ్బుతో ముడిపెట్టింది. 2014లో లక్షమందికి పైగా మనుషుల సమాచారంతో జరిగిన ఒక అంతర్జాతీయ పరిశోధన కీళ్లవాతంతో సంబంధమున్న 101 స్థానాలను లెక్కతేల్చింది. అందులో పాల్గొన్నవారు ఐరోపా, ఆసియా సంతతివారు. ఆసియా అంటే అక్కడ ప్రధానంగా తూర్పు ఆసియా.

ఈ తేడాలు ఎందుకు వచ్చాయి? వైవిధ్యం వెనుక చరిత్ర ఉంటుంది. ఏ ప్రాంతంలో ఏ అంటువ్యాధి ఎక్కువగా ఉందో, దాన్ని తట్టుకునే జన్యురకం అక్కడ నిలబడుతుంది. దీనికి పాఠ్యపుస్తకాల్లో మీరు చూసే ఉదాహరణ సికిల్ సెల్ జన్యువు. ఒక్క ప్రతి ఉంటే మలేరియా నుంచి కొంత రక్షణ, రెండు ప్రతులు ఉంటే జబ్బు. హెచ్‌ఎల్‌ఏలో ఇన్ని రకాలు నిలిచి ఉండటానికీ పాత అంటువ్యాధులతో జరిగిన పోరాటమే ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు భావిస్తారు.

దీనికి తోడు మన దేశంలో తరతరాలుగా ఎవరి కులంలో, ఎవరి తెగలో వారు పెళ్లిళ్లు చేసుకున్నారు. హైదరాబాద్‌లోని సిసిఎంబికి చెందిన లాల్జీ సింగ్, కె. తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2009లో దేశంలోని 25 సముదాయాల జన్యువులను పోల్చారు. చాలా సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని, అందువల్ల కొన్ని జన్యురకాలు ఒక సముదాయంలో ఎక్కువగా, పక్క సముదాయంలో అరుదుగా ఉంటాయని చూపారు.

ఇప్పుడు జంషెడ్‌పూర్ వీధిని తలచుకోండి. హో కుటుంబం పక్కన తెలుగు కుటుంబం, దాని పక్కన పంజాబీ కుటుంబం. ఐరోపాలో తయారైన జన్యు పరీక్షతో ఆ వీధి మొత్తానికి "మీకు కీళ్లవాతం వచ్చే అవకాశం ఇంత" అని అంకె చెప్పేస్తే అది ఎంతవరకు నిజం? ఢిల్లీ రోగులలో తేలింది సింగ్‌భూమ్ హో ప్రజలకు వర్తిస్తుందని కూడా ముందే అనుకోలేం. అందుకే సొంత సమాచారం కావాలి. దేశంలోని పలు సముదాయాల నుంచి సేకరించిన 10 వేలమంది జన్యుపటాల సమాచారాన్ని జీనోమ్ ఇండియా పథకం కింద 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అది మంచి ప్రారంభం.

మిగిలిన పాలు: పొగ, ధూళి

ఏకాండ కవలల్లో తప్పించుకున్న ఆ 85 జంటల సంగతికి వద్దాం. జన్యువులు కాక ఇంకేం పనిచేస్తోంది?

1953లో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఆంథోనీ కాప్లాన్ అనే వైద్యుడు బొగ్గుగని కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలు చూస్తూ ఒక విశేషం గమనించాడు. కీళ్లవాతం ఉన్న కార్మికుల ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు, మామూలు బొగ్గుధూళి జబ్బుకు భిన్నంగా, కనిపించాయి. ఎక్కడో ఊపిరితిత్తులకూ, ఎక్కడో వేలి కణుపులకూ సంబంధం ఏమిటి?

దీనికి జవాబు దొరకడానికి అర శతాబ్దం పట్టింది. పొగ, ధూళి ఊపిరితిత్తులను రాపిడి చేసినప్పుడు అక్కడి ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారుతుంది. పుచ్చకాయలో మొదట దొరికినందువల్ల దాని లాటిన్ పేరు నుంచి ఆ మాట పుట్టింది. ఉమ్మడి గుర్తు ఉన్న హెచ్‌ఎల్‌ఏ దోసిలి ఈ మారిన ప్రొటీన్లను గట్టిగా పట్టుకుని, పరాయివి అన్నట్టుగా రక్షణ కణాలకు చూపిస్తుంది. రక్షణ వ్యవస్థ వాటికి విరుద్ధంగా ప్రతిదేహాలు తయారుచేస్తుంది. అవి జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే రక్తంలో కనిపించవచ్చు. యాంటీ సిసిపి అని నేడు ఆసుపత్రుల్లో చేసే రక్తపరీక్ష వీటి కోసమే.

స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ క్లారెస్కోగ్ బృందం 2006లో ఈ లెక్క వేసింది. ఉమ్మడి గుర్తు లేని, పొగ తాగనివారితో పోలిస్తే, ఉమ్మడి గుర్తు రెండు ప్రతులు ఉండి పొగ తాగేవారికి ఈ ప్రతిదేహాలతో కూడిన కీళ్లవాతం అవకాశం 21 రెట్లు. అదే దేశంలో 2005లో వెలువడిన పరిశోధన, పనిలో సిలికా ధూళి పీల్చిన మగవారికి కీళ్లవాతం అవకాశం సుమారు రెండింతలని చూపింది.

సిలికా అనగానే మనం మళ్లీ సింగ్‌భూమ్‌కు రావాలి. సిలికా అంటే ఇసుకలో, క్వార్ట్జ్ రాయిలో ఉండే పదార్థం. ఉక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేస్‌ల లోపలి గోడలకు క్వార్ట్జ్ పొడి పూస్తారు. దాన్ని ర్యామింగ్ మాస్ అంటారు. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే, ముసాబని ప్రాంతంలో, ఈ రాయిని పొడిచేసే చిన్న యూనిట్లలో పనిచేసిన కార్మికులు సిలికోసిస్ బారిన పడి మరణించారు. ఆ వ్యవహారం జాతీయ మానవ హక్కుల కమిషన్ వరకు వెళ్లింది. సిలికోసిస్ ఊపిరితిత్తుల జబ్బు. కీళ్లవాతం వేరే జబ్బు. కానీ రెండింటికీ దారి వేయగల ధూళి ఒక్కటే.

హాల్డేన్ లేవనెత్తిన ప్రశ్న

ఇంతవరకూ వచ్చాక, మొదట్లో వాయిదా వేసిన పెద్ద ప్రశ్నను చూద్దాం. ఎవరికి జబ్బు వచ్చే అవకాశం ఎక్కువో రక్తపరీక్షతో తెలిస్తే, ఆ సంగతితో ఏం చేయాలి?

ఈ ప్రశ్నను చాలా ముందుగా చూసినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. 1938లో రాసిన హెరిడిటీ అండ్ పాలిటిక్స్ అనే పుస్తకంలో ఆయన కుండల పరిశ్రమలోని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బును ప్రస్తావించాడు. ధూళి అందరూ పీలుస్తున్నా కొందరికే జబ్బు వస్తోంది, పుట్టుకతో దానికి లోనయ్యే స్వభావం ఉన్నవారిని గుర్తించి ఆ పనిలో చేర్చుకోకుండా ఉంటే జబ్బును నివారించవచ్చేమో అని సూచించాడు. ఆయన కార్మిక పక్షపాతి. సదుద్దేశంతోనే ఆ మాట అన్నాడు.

సదుద్దేశం ఎటు పోగలదో తర్వాతి చరిత్ర చూపింది. అమెరికాలో ఒక పెద్ద రైల్వే సంస్థ, మణికట్టు నొప్పితో పరిహారం కోరిన కార్మికులకు వారికి తెలియకుండానే జన్యు పరీక్ష చేయించింది. జబ్బు పనివల్ల వచ్చిందా, పుట్టుకవల్ల వచ్చిందా అని తేల్చడం దాని ఉద్దేశం. 2001లో ఆ వ్యవహారం కోర్టుకు ఎక్కింది. 2002లో సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. 2008లో అమెరికా, ఉద్యోగంలోనూ ఆరోగ్య బీమాలోనూ జన్యువుల పేరిట వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇక్కడ మనం నేర్చుకున్న అంకెలు పనికొస్తాయి. ఉమ్మడి గుర్తు ఆరోగ్యవంతుల్లో కూడా ఎంతోమందికి ఉంటుంది. వారిలో అత్యధికులకు కీళ్లవాతం ఎన్నడూ రాదు. ఆ గుర్తు చూసి పని నిరాకరిస్తే, ఒకరిని కాపాడే పేరుతో ఎందరి బతుకుదెరువో పోతుంది. పైగా ఆ గుర్తు లేనివారూ అదే ధూళి పీలుస్తారు. వారి కీళ్లు మిగిలినా ఊపిరితిత్తులు మిగలవు. అదే డబ్బుతో రాయిని తడిపి పగలగొట్టించి, ధూళిని లాగేసే యంత్రాలు పెడితే అన్ని జన్యువులవారికీ రక్షణే. జన్యువును మార్చుకోలేం. ధూళిని తగ్గించగలం.

అలాగని జన్యు పరిశోధన వ్యర్థం కాదు. ఉమ్మడి గుర్తు నుంచి సిట్రులిన్ దాకా సాగిన పరిశోధన వల్లనే జబ్బు నడక అర్థమైంది. జబ్బును తొలి నెలల్లోనే పసిగట్టడం, సరైన మందు వెంటనే మొదలుపెట్టడం నేడు సాధ్యం. ఆ మందుల్లో మొదటి వరసలో ఉన్నది మెథోట్రెక్సేట్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన, 1940లలో క్యాన్సర్ కోసం ఆ కోవ మందులు తయారయ్యాయి. తక్కువ మోతాదులో అది కీళ్లవాతాన్ని అదుపు చేస్తుందని 1980లలో జరిగిన పరీక్షల్లో రుజువైంది. 1988లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. ఈనాడు మన జిల్లా ఆసుపత్రుల్లోనూ వైద్యులు దాన్ని రాస్తున్నారు. వైద్యుల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ, సాధారణంగా వారానికి ఒక్కసారే వాడవలసిన మందు అది.

మీ ఇంట్లో అమ్మో, పిన్నో, మేనత్తో పొద్దున పూట వేళ్లు బిగుసుకుపోతున్నాయని, ఆరు వారాలు దాటినా వాపు తగ్గలేదని అంటే, "వాతం, తగ్గిపోతుందిలే" అని ఊరుకోకండి. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. తొలి నెలల్లో మొదలుపెట్టిన చికిత్స వేళ్లు వంకరపోకుండా కాపాడుతుంది. ఆమె పొగాకు వాడుతుంటే మానిపించండి.

ఆలోచించండి

1. ఏకాండ కవలల్లో ఇద్దరికీ జబ్బు వచ్చినది సుమారు 15 శాతం మాత్రమే. ఈ అంకె ఆధారంగా "కీళ్లవాతం వంశపారంపర్యం" అనే మాటను మీ సొంత మాటల్లో సరిదిద్ది రాయండి.

2. మీ ప్రాంతంలో ధూళి ఎక్కువగా ఉండే పనులు ఏవి? రాళ్ల క్రషర్లు, పలకల గనులు, ఇటుక బట్టీలు, ఫౌండ్రీలు చూసి రండి. అక్కడ ధూళిని తగ్గించే ఏర్పాట్లు ఏమున్నాయో నమోదు చేయండి.

3. ఒక కర్మాగారం ఉద్యోగంలో చేర్చుకునే ముందు జన్యు పరీక్ష కోరిందనుకుందాం. అనుకూలంగా కొందరు, ప్రతికూలంగా కొందరు తరగతిలో వాదించండి. హాల్డేన్ సూచనకు మీరిచ్చే జవాబేమిటి?